అరికాలి చుక్క

మా అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ నన్ను ఒకే మాటతో పొడిచేది, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని. నేను నవ్వేసి, ఊరితో నాకేం పని, ఆసుపత్రి మంచిదైతే చాలు అనేదాన్ని. నాది పెద్ద నోరని ఒప్పుకోవడానికి నాకు ఏనాడూ సిగ్గు లేదు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదివి, మార్కాపురం వైపు ఒక ఆసుపత్రిలో మగవాళ్ళందరి మధ్యా ఒక్కదాన్నే ఆడదాన్ని ఉద్యోగం చేశాను. ఆ నోరు లేకపోతే మొదటి నెలలోనే నన్ను ఇంటికి పంపేవాళ్ళు. కానీ ఆ నోటి మూలంగానే మా అక్క బిడ్డ పోయింది. ఈ సంగతి ఇన్నేళ్ళలో నేను ఎవరితోనూ అనలేదు. నోటితో అనడానికి ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు, అందుకే రాస్తున్నాను.

అప్పట్లో మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. పెద్ద కాగితం ఏది కావాలన్నా మద్రాసు నుంచి రావాలి. ఆసుపత్రి అంటే నాలుగు గదులు, ముందొక పొడుగాటి వరండా, ఎనిమిది ఇనుప మంచాలు. డాక్టరుగారు, కాంపౌండరు, ఊడ్చి తుడిచే ఇద్దరు మనుషులు, నేను. నన్ను వేసింది మిడ్‌వైఫ్ ఉద్యోగంలో. ఆ రోజుల్లో పురుడు పోసుకోవడానికి ఇల్లు దాటి వచ్చే ఆడది ఎక్కడుంది? మొదటి ఏడాది నా చేతుల మీద జరిగిన కాన్పులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఊరికే కూర్చోబెట్టి జీతం ఇవ్వడం ఇష్టం లేక డాక్టరుగారు నన్ను అన్ని పనులకూ వాడుకున్నారు. కట్లు కట్టాను, టీకాలకు ఊళ్ళు తిరిగాను, విషం కేసులు వస్తే రబ్బరు గొట్టం పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను.

విషం తిన్నవాళ్ళు విషం తిన్నామని చెప్పుకుంటూ రారు. చావబోయి బతికితే పోలీసులు పట్టుకుపోతారని భయం. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ చెప్పేది ఒకటే, పాము కరిచిందని. పాము మీద పోలీసు కేసు ఉండదు కదా. దారిలో వేపాకు నమిలించి, చేదు తెలియలేదంటున్నాడు కాబట్టి ఇది పామేనని సాక్ష్యం కూడా వెంట తెచ్చేవాళ్ళు. మొదటిసారి నేను ఆ మాట నమ్మి కాటు గుర్తు కోసం కాళ్ళూ చేతులూ వెతుకుతుంటే డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన తమిళ మనిషి, తెలుగు కూడబలుక్కుని నెమ్మదిగా మాట్లాడేవారు. "విషం తిన్నవాడు అబద్ధం చెబుతాడు. వాణ్ణి మోసుకొచ్చినవాళ్ళు ఇంకా పెద్ద అబద్ధం చెబుతారు. కళ్ళు, ఊపిరి, నాడి అబద్ధం చెప్పవు. ముందు వాటిని అడుగు" అన్నారు.

అట్లా అడగడం నేర్చుకున్నాను. ఒకసారి హనుమంతునిపాడు వైపు నుంచి ఒకే ఇంటివాళ్ళను నలుగురిని ఒకే బండిలో తెచ్చారు. తండ్రి గాలిలోంచి దారం లాగి కండె చుడుతున్నాడు. తల్లి ఎదురుగా లేని మనిషికి అన్నం వడ్డిస్తోంది. పిల్లలిద్దరూ ఆగకుండా నవ్వుతున్నారు. ఊళ్ళో దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టి, వీపులు చీరుకుపోయాక మా దగ్గరికి తీసుకొచ్చారు. డాక్టరుగారు నన్ను వాళ్ళ కళ్ళు చూడమన్నారు. కంటిపాపలు బాగా విచ్చుకుని ఉన్నాయి. దయ్యమూ లేదు, గాలీ లేదు. చేనిగట్టున కాసిన ఉమ్మెత్త గింజలు జొన్నలతో కలిసి తిరగట్లో పడ్డాయి, అంతే. నల్లమందైతే దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుందని, కంటిపాప సూదిమొనంతకు ముడుచుకుపోతుందని, మనిషి ఒక ఊపిరి తీసి రెండోది మరిచిపోయినట్టు పడుకుంటాడని ఆయన ఆ రోజే చెప్పారు. గన్నేరు పప్పు తిన్నవాళ్ళకు నాడి మందగించి మధ్యమధ్య ఆగుతుందని తర్వాత నేనే పట్టుకుని చూశాను.

నాలుగేళ్ళలో నాకు పేరొచ్చింది. ఆయమ్మ కన్ను చూసి విషం పేరు చెప్తుందని పల్లెల్లో అనుకునేవాళ్ళు. నాకు ఆ పేరు తలకెక్కింది. దానికి తోడు నా నోరు కూడా పనిచేస్తుందని ఒక కేసుతో రుజువైంది. పెద్దారవీడు వైపు నుంచి ఒక కొత్త కోడలిని తెచ్చారు. పాము కరిచిందని అత్త ఒకటే ఏడుపు. నాడి చూస్తే నిదానంగా, తప్పుతూ కొట్టుకుంటోంది. నేను ఆ అత్తను వరండాలో పదిమందిలో నిలబెట్టి అరిచాను. గన్నేరు పప్పు ఎక్కడ దొరికిందో చెప్తావా, పోలీసు జమాదారును పిలవమంటావా అన్నాను. ఆమె గడగడ వణికి నిజం కక్కింది. ఆ పిల్ల బతికింది. నేను మెప్పు కోసం డాక్టరుగారి మొహం వైపు చూస్తే ఆయన చేతులు కడుక్కుంటూ, "ఈ రోజు ఒకరి దగ్గర నిజం రాబట్టావు. ఇది విని రేపు ఎంతమంది ఇక్కడికి రావడానికే భయపడతారో" అన్నారు. మెతక మనిషి, ఈయనకేం తెలుసు అనుకున్నాను.

ఇక మా అక్క గురించి చెప్పాలి. నా కన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. నన్ను చంకనేసుకుని పెంచింది అమ్మ కాదు, అక్కే. అమ్మా నాయనా పొద్దున కూలికి పోతే పొద్దుగూకినాక గానీ వచ్చేవాళ్ళు కాదు. పాదిరిగారు మా ఇంటికి వచ్చి, మిషన్ బోర్డింగులో ఒక ఆడపిల్లను చేర్చుకుంటాం, ఎవరిని పంపుతారని అడిగినప్పుడు అక్కకు పద్నాలుగేళ్ళు. చదువుకోవాలని దానికీ ఉండేది, బైబిలులో అక్షరాలు వేలితో తడుముతుండేది. కానీ, నేను పోతే ఇంట్లో కూలికి ఎవరు పోతారు, చిన్నదాన్ని పంపండి అన్నది. అది కూలికి పోయింది, నేను బడికి పోయాను. తర్వాత దానికి పలకల గని దగ్గరి పల్లెలో పెళ్ళయింది. ఆరేళ్ళు పిల్లలు లేరు. ఆ ఆరేళ్ళూ అది చర్చిలో మోకాళ్ళ మీద నుంచి లేచింది తక్కువ. ఏడో ఏట ఆడపిల్ల పుట్టింది. ఆ కాన్పు నేనే చేశాను. బిడ్డను తుడిచి అక్క పక్కన పడుకోబెడితే, అక్క బిడ్డ వైపు కాక నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఇంకో నాలుగేళ్ళు చదవమన్నా చదివేదాన్ని.

మా వైపు పలకరాయి దొరుకుతుంది. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మా రాతి మీద ఓనమాలు దిద్దారు. ఆ రాయి మోసిన ఆడవాళ్ళ పిల్లలు మాత్రం దిద్దలేదు. గనిలో మగవాళ్ళు రాయి పగలగొడితే ఆడవాళ్ళు తట్టల్లో మోసి పైకి తేవాలి. చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి మాటిమాటికీ పోతే మేస్త్రీ ఊరుకోడు. మర్నాటి నుంచి రావద్దంటాడు. అందుకని గని ఒడ్డున ఒక పందిరి వేసి, అందులో చీరలతో ఉయ్యాలలు కట్టి, ఒక ముసలి అవ్వను కాపలా పెట్టుకున్నారు. ఆ అవ్వ దగ్గర చిన్న రేకు డబ్బీలో నల్లమందు ముద్ద ఉండేది. బజారులో సర్కారు లైసెన్సు దుకాణంలో అమ్మేదే, దొంగ సరుకేమీ కాదు. ఆవగింజంత తీసి, తల్లి పాలల్లో రంగరించి బిడ్డ నాలుకకు రాస్తే మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాళ్ళు. ఒకే బిడ్డకు రెండుసార్లు పడకుండా అవ్వ ఒక కట్టుబాటు పెట్టుకుంది. మందు రాయగానే ఆ బిడ్డ కుడి అరికాలికి కాటుక చుక్క పెట్టేది. చుక్క ఉంటే మందు పడినట్టు, లేకపోతే పడనట్టు. చదువు లేని మనిషి పెట్టుకున్న లెక్క అది. ఆ పందిట్లో ఎన్నో ఏళ్ళుగా అది తప్పలేదు.

నేను టీకాల పని మీద గనికి వెళ్ళిన రోజు ఆ చుక్కలు చూశాను. పదిమంది పిల్లలు పట్టపగలు కదలకుండా పడుకుని ఉన్నారు, అందరి అరికాళ్ళ మీదా నల్లటి చుక్కలు. అవి ఏందవ్వా అని అడిగితే అవ్వ దాపరికం లేకుండా చెప్పింది. వరుసగా చూస్తూ పోతే ఆఖరి ఉయ్యాలలో మా పాప, అక్క బిడ్డ. దాని కాలికీ చుక్క. నాకు ఒళ్ళు మండిపోయింది. గనిలో పనిచేస్తున్న అక్కను పైకి పిలిపించి, అందరి ముందూ తిట్టాను. ఆరేళ్ళు దేవుణ్ణి అడుక్కుని తెచ్చుకున్న బిడ్డను నీ చేత్తోనే చంపుకుంటావా అన్నాను. అవ్వ చేతిలో డబ్బీ లాక్కుని గనిలో నిలిచిన నీళ్ళలోకి విసిరేశాను. అక్క చేత బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. అక్క తలెత్తలేదు. అవ్వ మాత్రం నెమ్మదిగా ఒక మాట అన్నది. "అమ్మీ, నల్లమందు నీళ్ళలో పారేసినావు. పిల్లోళ్ళ ఏడుపు యాడ పారేస్తావు?"

 అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఇంకో నాలుగు మాటలు తిట్టి వచ్చేశాను.

తర్వాత నెలన్నరకో రెండు నెలలకో, ఎండాకాలం ముగుస్తున్న రోజుల్లో, డాక్టరుగారు పొద్దున కంభం క్యాంపుకు వెళ్ళారు. సాయంత్రం రైలుకు గానీ రారు. మూడు గంటలప్పుడు ఆసుపత్రి ముందు ఎడ్లబండి ఆగింది. బావ ముందు కూర్చుని ఉన్నాడు. వెనక అక్క, ఒళ్ళో పాప. అక్క దిగుతుంటే పాప తల వెనక్కి వాలిన తీరు చూసి నాకు అంతా అర్థమైపోయింది. భయం రావాల్సిన చోట కోపం ముందొచ్చింది. ఏమైందని అడగలేదు నేను. వరండా నిండా జనం ఉన్నారని కూడా చూడలేదు.

"మళ్ళా నల్లమందు పెట్టినావా?" అని అరిచాను.

అక్క ఒక్క క్షణం నా మొహం వైపు చూసింది. "లేదు చెల్లీ, నీ మీద ఒట్టు. నిన్నటి నుంచి ఒళ్ళు కాలతా ఉంది, అంతే" అన్నది.

నేను పాప కాళ్ళు ఎత్తి చూశాను. ఎక్కడా చుక్క లేదు. ఎడమ అరికాలు గనిలో పిల్లలందరికీ ఉండేట్టే పలకరాతి దుమ్ముతో బూడిదరంగులో ఉంది. కుడి అరికాలు మాత్రం మడమ దాకా శుభ్రంగా ఉంది. ఈ తేడా నా కళ్ళు చూశాయి. తల్లి తుడిచి ఉంటుంది అనుకున్నాను. తుడిస్తే ఒక్క కాలే ఎందుకు తుడుస్తుందని అనుకోలేదు.

ఎండలో బండి మీద వచ్చిన ఒళ్ళు వెచ్చగానే తగిలింది. కనురెప్ప ఎత్తితే కంటిపాప చాలా చిన్నదిగా ఉంది. పడమటెండ నేరుగా వరండాలోకి కొడుతోంది, ఇంత వెలుతురులో ఎవరి కంటిపాపైనా చిన్నదవుతుంది కదా అనుకున్నాను. నాలుగడుగులు వేసి చీకటి గదిలోకి తీసుకుపోయి చూస్తే తేలిపోయేది. ఆ నాలుగడుగులు వేయలేదు. గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. ఆ వయసు బిడ్డకు నిమిషానికి ముప్పై దాటి ఉండాలి, పది కూడా లేవు. జ్వరం వస్తే ఊపిరి పరిగెత్తుతుంది గానీ ఇట్లా ఆగి ఆగి రాదు. ఆ సంగతీ నాకు తెలుసు. కళ్ళు చెప్పాయి, ఊపిరి చెప్పింది, ఆఖరికి అరికాలు కూడా చెప్పింది. అక్క మాత్రం లేదన్నది, నేను అక్కను నమ్మాను. నిజం చెప్పాలంటే అక్కను కూడా కాదు, నన్ను నేను నమ్ముకున్నాను. అంత తిట్టాక, ఒట్టు వేయించాక, నా మాట దాటుతుందా అన్న పొగరు అది.

కాంపౌండరు వచ్చి చూసి, అడవి జ్వరం తలకెక్కింది, గిద్దలూరు వైపు ఇట్లాంటివి చాలా చూశానన్నాడు. క్వినైను సూది వేద్దామన్నాడు. నేను పాప చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. ఆ చెయ్యి పట్టుకోవాల్సిన పనే లేకపోయింది, సూది గుచ్చినా కదల్లేదు. నుదుటి మీద తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాను. అక్క మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని నా మొహమే చూస్తోంది. మాటిమాటికీ ఏదో అనబోయి ఆగుతోంది. నేను దాని వైపు తిరిగి, ఏడవకు, జ్వరమే కదా తగ్గుతుందన్నాను. అట్లా రెండు గంటలకు పైగా పోయాయి.

డాక్టరుగారు జట్కా దిగి నేరుగా లోపలికి వచ్చారు. మేము చెప్పింది విన్నారు. పాపను ఎత్తుకుని మందుల గదిలోకి తీసుకుపోయి, కిటికీ మూయమన్నారు. చీకట్లో కాసేపు ఆగి, నన్ను అగ్గిపుల్ల దూరంగా వెలిగించమని రెప్ప ఎత్తారు. చీకట్లో విచ్చుకోవాల్సిన కంటిపాప సూదిమొనంత ఉంది. ఆయన పాపను నా చేతుల్లో పెట్టి బయటికి వెళ్ళి, కోటు కూడా విప్పకుండా అక్క పక్కన నేల మీద కూర్చున్నారు. డాక్టరుగారు నేల మీద కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, ఎంత పెట్టారు?" అని అడిగారు. పాలు ఎన్ని పట్టారని అడిగినంత మామూలుగా అడిగారు.

అక్క వెంటనే చెప్పింది. ఆ మాట దాని నాలుక చివరే ఉంది. "తెల్లారేటప్పుడు నేను ఆవగింజలో సగం పెట్టినా అయ్యా. అది అవ్వకు తెలీదు. పదింటికి బిడ్డ లేసి ఏడుస్తుంటే, కాలికి చుక్క లేదు కదా అని అవ్వ నిండు ఆవగింజంత పెట్టింది. మద్దేనం నేను పాలీడానికి పోయి చూస్తే చుక్క ఉంది, బిడ్డ లేపినా లేవలేదు. ఈడికి తెచ్చేముందు ఆ చుక్కను నేనే తుడిచేసినా."

ఎందుకు తుడిచావని ఆయన అడిగారు.

"మా చెల్లెలు చూస్తే తిడతాదని."

మిగతాది తర్వాత తెలిసింది. నేను ఒట్టు వేయించిన తర్వాత అక్క కొన్ని వారాలు ఆ మందు ముట్టలేదు. బిడ్డకు పళ్ళు వస్తున్నాయి, ఏడుపు ఆగేది కాదు. మేస్త్రీ రెండుసార్లు అక్కను పనిలోంచి వెనక్కి పంపాడు. ఇక చేతకాక తెల్లవారుజామున ఇంట్లోనే కొద్దిగా రాయడం మొదలుపెట్టింది. చుక్క పెడితే నాకు తెలుస్తుందని పెట్టలేదు, అవ్వకు చెబితే నా దాకా వస్తుందని చెప్పలేదు. బజారులో మళ్ళీ కొన్న మందును అవ్వ, ఒట్టు ఉందని, మా పాపకు పెట్టేది కాదు; ఆ రోజు ఏడుపు చూడలేక, ఎప్పటిలాగే అరికాలు చూసుకునే రాసింది. ఇద్దరూ బిడ్డ మీద జాలితోనే రాశారు. వాళ్ళు పెట్టుకున్న ఆ చిన్న లెక్క ఎప్పుడూ తప్పలేదు. తప్పేట్టు చేసింది నేను.

తర్వాత చేయాల్సినవన్నీ చేశాం. సన్న గొట్టం వేసి గులాబీరంగు మందు నీళ్ళతో కడుపు కడిగాం. డాక్టరుగారి ఇంటి నుంచి చిక్కటి కాఫీ డికాక్షన్ తెప్పించి పట్టాం. ఆయన సూది వేశారు, మగత వదలడానికి అరికాళ్ళ మీద తడిగుడ్డతో కొట్టమన్నారు. ఊపిరి ఆగినప్పుడల్లా చిన్న చేతులు రెండూ తల మీదికి ఎత్తి, మళ్ళీ రొమ్ముకు దించి, ఎత్తి, దించి. నేను ఆ చేతులు ఎత్తుతూనే ఉన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నేను ఆ రోజు చేసింది అదే. మూడు గంటలకు చేసి ఉంటే ఆ పాప బతికేది.  ఊళ్ళో దీపాలు పెట్టే వేళకు డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, ఇక చాలు అన్నారు.

మర్నాడు మునసబు వచ్చి రెండు మాటలు అడిగి, పొరపాటున జరిగిందని రాసుకుని పోయాడు. పాదిరిగారు ప్రార్థన చేసి మట్టి వేయించారు. అవ్వ చర్చి వెనక దూరంగా కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి పోయే ధైర్యం నాకు లేకపోయింది. అక్క మాత్రం పోయి, ఆమె పక్కన కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

తప్పు నాదని నేను అక్కతో ఏనాడూ అనలేదు. నీ వల్లే అని అది నన్ను ఏనాడూ అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇద్దరం ఊరుకున్నాం. పండగలకు పబ్బాలకు కలిస్తే కూరలో ఉప్పు గురించి, వానల గురించి మాట్లాడుకునేవాళ్ళం. అక్కకు మళ్ళీ పిల్లలు కలగలేదు. అవ్వ గని దగ్గరికి రావడం మానేసిందనీ, ఆ పందిరి కాపలా అక్కే తీసుకుందనీ అమ్మ ఒకసారి చెప్పింది.  పదిమంది తల్లుల బిడ్డలను ఉయ్యాలలో ఊపుతూ అది రోజంతా ఎట్లా కూర్చుంటుందో ఆలోచించడానికి కూడా నాకు చేతకాలేదు.

ఆసుపత్రిలో నా పద్ధతి మార్చుకున్నాను. వరండాలో ఎవరినీ ఏదీ అడగడం మానేశాను. తల్లినో అత్తనో ఒక్కదాన్నే లోపలి గదికి పిలిచి, కింద కూర్చోబెట్టి, నేనూ కింద కూర్చుని అడిగేదాన్ని. పెట్టావా అని కాదు, ఎంత పెట్టావని, ఎన్నింటికి పెట్టావని. మెత్తగా మాట్లాడటం నాకు ఎదురుకాళ్ళ కాన్పు కన్నా కష్టమైంది. మొదట్లో నా గొంతు నాకే పరాయిదిగా ఉండేది, కాంపౌండరు చాటుగా నవ్వేవాడు. నవ్వుకోనీ అని ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

నల్లమందు ఆగలేదు. మేస్త్రీ మారకుండా, పని మారకుండా అది ఎట్లా ఆగుతుంది? పిల్లలు వస్తూనే ఉన్నారు. వేళకు తెచ్చినవాళ్ళు బతికేవాళ్ళు, ఆలస్యంగా తెచ్చినవాళ్ళలో కొందరు పోయేవాళ్ళు. పోయిన ప్రతిసారీ నేను మా పాప చేతులే ఎత్తి దించుతున్నట్టు ఉండేది.

మూడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, గనిలో పనిచేసే ఒక చిన్న వయసు తల్లి బిడ్డను రొమ్ముకు కరుచుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. వరండా మెట్లెక్కుతూనే, నేను నోరు తెరవకముందే, ఒక్క గుక్కలో చెప్పేసింది. రెండు ఆవగింజలంత పెట్టినానని, పొరపాటైందని, పెట్టింది పన్నెండింటికని, పెట్టి గంట కూడా కాలేదని. అంత లెక్కగా, అంత త్వరగా చెప్పిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నేను మారుమాట లేకుండా గొట్టం తీసుకున్నాను. డాక్టరుగారు వచ్చేలోపలే కడుపు కడగడం అయిపోయింది. బిడ్డ ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది. సాయంత్రమయ్యేసరికి కళ్ళు తెరిచి, నన్ను చూసి, గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు వింటే అంత హాయిగా ఉంటుందని తెలియనివాళ్ళకు చెప్పలేను.

ఆ తల్లి నా కాళ్ళ మీద పడబోతే లేవనెత్తి, అన్నీ సరిగ్గా చెప్పావు, నీకు ఎవరు నేర్పారని అడిగాను.

"అక్క చెప్పి పంపిందమ్మా, పందిరికాడ ఉండే అక్క" అన్నది. "నాకు భయమేసి, జొరమని చెప్తాలే అంటే, నా రెండు చేతులూ పట్టుకునింది. ఉన్నదున్నట్టు చెప్పు, మా చెల్లెలు ఇప్పుడు తిట్టదు అని చెప్పింది."

 ఆ అక్క ఇప్పుడు ఎక్కడుందని అడిగాను. గేటు దాకా తనతోనే పరిగెత్తుకుంటూ వచ్చిందనీ, లోపలికి రమ్మంటే మాత్రం రానన్నదనీ, బిడ్డ ఏడుపు వినపడేదాకా అక్కడే ఉంటానన్నదనీ చెప్పింది. నేను చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తాను. బిడ్డ అప్పటికే ఏడ్చింది కదా. అక్క వెళ్ళిపోయింది.